కర్ణుడికి దొరికిన రాధ ఇతనికి దొరకలేదు
(కడపలోని ఒక స్టూడియోలో సాగిన చర్చ నుంచి)

సంధానకర్త: మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో, అంటే సి.పి. బ్రౌన్ దొరగారు మన కడపకు రావడానికి రెండేళ్ల ముందు అచ్చయింది. అమ్మా, ఆ పేరు రాక్షసుడిదని చాలామంది అనుకుంటారు కదా?

అధ్యాపకురాలు: ఆ పేరు అతణ్ణి తయారుచేసిన శాస్త్రవేత్త విక్టర్‌ది. ఆ రాక్షసుడికి నవల మొత్తంలో పేరే లేదు. మన ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో బిడ్డ పేరు రాయిస్తాం. నువ్వు మావాడివని అందరి ఎదుటా ఒప్పుకోవడమే అది. విక్టర్ మాత్రం తాను చేసినవాడు కళ్లు తెరవగానే గది విడిచి పరుగెత్తాడు. అదే రాత్రి ఆ ప్రాణి మంచం తెర పైకెత్తి, నవ్వబోతూ చేయి చాస్తే మళ్లీ పారిపోయాడు. నా దృష్టిలో కథలోని మొదటి నేరం అదే.

నాటక దర్శకుడు: నన్ను కదిలించేది ఆ కొట్టం, మేడమ్. ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుని, సందులోంచి వాళ్లను చూస్తూ మాటలు నేర్చుకున్నాడు. వాళ్లకే తిండి చాలడం లేదని తెలిశాక దొంగతనం మానేసి, రాత్రిపూట అడవికి వెళ్లి కట్టెలు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. చివరికి ధైర్యం చేసి, చూపులేని ముసలాయనతో మాట్లాడితే ఆయన ఆదరంగానే విన్నాడు. అంతలో కొడుకు వచ్చి కర్రతో బాదాడు. ఎదురు కొట్టే బలముండీ అతడు చేయి ఎత్తలేదు.

సంధానకర్త: కన్నవాళ్లు వదిలేసిన బాధ మన కర్ణుడిలోనూ ఉంది కదా?

అధ్యాపకురాలు: ఉంది గానీ, కర్ణుడికి రాధ దొరికింది. కుంతి వచ్చి తానే తల్లినని చెప్పినప్పుడు నిష్ఠూరమాడినా, అర్జునుణ్ణి తప్ప తక్కిన నలుగురినీ చంపనని మాటిచ్చాడంటే, ఆ పెంపకమే అతని కోపంలో దయకు చోటు మిగిల్చిందనుకుంటాను. ఇతణ్ణి ఎత్తుకున్నవాళ్లే లేరు.

దర్శకుడు: అయినా విక్టర్ తమ్ముడు, పసివాడైన విలియమ్‌ను చంపాడు. దాన్ని నేను సమర్థించలేను.

అధ్యాపకురాలు: నేనూ సమర్థించను, సార్. అంత జరిగాక కూడా అతడు అడిగింది తనలాంటి ఒక తోడు. ఇస్తే మనుషులకు దూరంగా దక్షిణ అమెరికా అడవులకు వెళ్లిపోతానన్నాడు. విక్టర్ ఒప్పుకుని, సగం చేసిన ఆ స్త్రీ దేహాన్ని అతని కళ్లముందే చీల్చేశాడు.

సంధానకర్త: మీరు నాటకం వేస్తే ఏ ఘట్టంతో ముగిస్తారు?

దర్శకుడు: ఓడలో విక్టర్ శవం ఉన్న గదితో. ముఖం కనబడకుండా జుట్టు వేలాడుతుండగా, ఆ ప్రాణి శవం మీదికి వంగి క్షమించమని అడుగుతాడు. తనను ఎరిగిన ఒకే ఒక్క మనిషి అక్కడ చచ్చిపడి ఉన్నాడు.