జీపు వెనక కిటికీ మసకనా, పసుపా? ముందు నీళ్ళు పోసి చూడండప్పా

అందరికీ నమస్కారమప్పా, అనంతపురం నుంచి మళ్ళీ వచ్చేసినా. ఈ రోజు మన ముందర ఉండేది మా మామ మారుతి జిప్సీ జీపు, సాఫ్ట్ టాప్‌ది, అంటే మడిచి దించే బట్ట పైకప్పుది, మిర్రర్‌లో చూస్తే వెనకాల లారీ వస్తాందో బర్రె వస్తాందో తెలీదు, ఎందుకంటే దీని వెనక కిటికీ గాజు కాదు ప్లాస్టిక్ షీటు, ఇప్పుడది గంజి పూసినట్ల తెల్లగా అయిపోయింది. మామేమో "పీకి కొత్తది కుట్టిస్తాలేరా" అంటాడు, నేనేమో ఒక్క రోజు ఆగు మామా అని బండి తెచ్చుకున్నా.

టాప్ దించే బండ్లు మనూర్లో యాడుంటాయిరా అనుకోవద్దండి. 1985లో వచ్చిన జిప్సీ, పాత మహీంద్రా జీపులు, 2010లో వచ్చిన థార్, సాఫ్ట్ టాప్ ఉంటే చాలు వెనకాల ఇదే కథ. ఆ మజ్దా ఎమ్మెక్స్-5 అని టాప్ దించే స్పోర్ట్స్ కారు ఉంది కదా, 1989లో వచ్చిన మొదటి మోడల్, దానికీ ప్లాస్టిక్ కిటికీనే, జిప్పు తీసి కిటికీని పరిచినాకే టాప్ దించాల. పోర్షే బాక్స్‌టర్‌కు కూడా మొదట్లో ప్లాస్టికే, తర్వాత గాజు పెట్టినారు. అంత రేటు పెట్టి కొన్నోళ్ళకే తిప్పలు తప్పలేదు, మామ జిప్సీ యెంత.

సరే, పని. షాంపూ, పాలిష్ ఏదీ ముట్టుకోకముందే ఒక చెంబు నీళ్ళు పోయండి. పోసినానా, ఇప్పుడు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాండా, తడిగా ఉన్నంతసేపు అవతల గోడ మీద పోస్టర్ కనపడతాంది! అంటే మసకంతా పైపైన ఉండే సన్న గీతలది, నీళ్ళు ఆ గీతల్ని పూడుస్తాయి కాబట్టి క్లియర్‌గా కనపడతాది, దీన్ని మనం పాలిష్‌తో తేవొచ్చు. తడిపినా పసుపుగానే ఉంటే అది షీటు లోపల పట్టిన పసుపు, ఎండ తిని తిని పట్టింది, ఎంత రుద్దినా పోదు, పాలిష్ డబ్బాలకు దుడ్లు తగలెయ్యకుండా హుడ్ కుట్టే ఆయన దగ్గరికి పోయి కొత్త షీటు వేయించుకోండి. ఇదిగో ఈ కింద మూల చూడండి, ఇది తడిపినా పసుపే, దీన్ని నేను ముట్టను.

ఇది మెత్తటి పీవీసీ, మడత పడాలని నూనె లాంటి మందు కలిపి చేస్తారు, మన ఎండకు ఆ మందు మెల్లమెల్లగా బయటికి పోయి షీటు గట్టిపడతాది, అప్పుడు తెల్లారుజామున చలిలో మడిస్తే టప్‌మని పగులుతాది. పగులు వచ్చినాక ఇంగ పాలిష్ పని లేదు. గాజు తుడిచే నీలం స్ప్రే, థిన్నర్, పెట్రోలు, ఇవి మాత్రం వద్దే వద్దు. నేనే ఒకసారి స్టిక్కర్ గమ్ము పోతాదని థిన్నర్ బట్టతో రుద్దినా, గమ్ము పోయింది, దాంతోపాటు అరచేయంత చోట షీటు జిగటగా అయి అట్లనే తెల్లబడిపోయింది, మామ రెండు వారాలు మాట్లాడలేదు.

ఇంగ కడగడం. పొడిబట్ట పెట్టినారా, అయిపాయ, ఆ ఎర్రమట్టి దుమ్మే గరుకు కాగితం మాదిరి గీకుతాది. ముందు ధారాళంగా నీళ్ళు, తర్వాత షాంపూ నురుగుతో మెత్తటి మైక్రోఫైబర్ బట్ట, పైనుంచి కిందికి. బోరు నీళ్ళయితే ఎండలో ఆరనియ్యకండి, తెల్ల ఉప్పు మచ్చలు పడతాయి, అందుకే నేను చెట్టు కిందికి తెచ్చినా.

గీతలు లోతుగా ఉంటే, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టేది చూసినారు కదా, మొదట గరుకు, తర్వాత నున్నగా, నీళ్ళు మాత్రం ఆపరు. ఇక్కడా అంతే, 2000 నంబర్ వాటర్ పేపర్, అంటే నీళ్ళతో తడిపి రుద్దే సన్న గరుకు కాగితం, తర్వాత 3000, ఒకసారి అడ్డంగా ఒకసారి నిలువుగా, షీటు ఊగకుండా వెనక నుంచి బట్ట చుట్టిన పలక పట్టుకోవాల, మా తమ్ముడు పట్టుకున్నాడు, చెయ్యి నొప్పని తిట్టుకుంటానే ఉన్నాడు. మామూలు మసకకైతే పేపర్ అక్కర్లేదు, ప్లాస్టిక్ పాలిష్ కొంచెం తీసుకుని చేత్తోనే గుండ్రంగా తిప్పండి. డ్రిల్లుకు బఫ్, అంటే పాలిష్ పట్టే మెత్తటి చక్రం, తగిలించి ఒకే చోట ఆపితే వేడికి షీటు ముడుచుకుపోతాది. రెండు రౌండ్లు లోపల, మూడు రౌండ్లు బయట, నాకు మొత్తం రెండున్నర గంటలు పట్టింది.

ఇప్పుడు చూడండి. సన్న గీతలు రెండు మూడు ఉండాయి, అబద్ధం చెప్పను, కానీ పోస్టర్ మీద అక్షరాలు చదవొచ్చు. టాప్ దించేటప్పుడు మడత మధ్యలో పాత తువ్వాలు పెట్టు మామా అంటే, "ఉన్న ఒక్క తువ్వాలూ నువ్వు బండి తుడవడానికే తెచ్చినావు కదరా" అంటాండాడు.