అదీ ప్లాస్టికే, ఇదీ ప్లాస్టికే అంటే కుదరదండీ! ఆటోనగర్ షెడ్డులో ఒక బకెట్ నీళ్లు

హాయ్ అండీ, నమస్తే. ఇవాళ వీడియో విజయవాడ ఆటోనగర్ నుంచి. మా బాబాయి ప్లాస్టిక్ రీసైక్లింగ్ షెడ్డులో కూర్చుని మాట్లాడుతున్నా, కరెంటు పోయింది కాబట్టి మాట్లాడగలుగుతున్నా, ఉంటే ఈ గ్రైండర్ మోతకి నా మూతి కదలడం కనపడుద్దే తప్ప మాట వినపడదు. ఎప్పుడొస్తుందో తెలీదు, అందుకే సుత్తి లేకుండా మొదలెట్టేస్తున్నా.

నిన్న పొద్దున్నే మా సందులోకి పాత సామాన్ల బండి వచ్చింది. మా అత్త రెండు నెలల నుంచి వెనక వసారాలో దాచిన గోతం ఒకటి తెచ్చి ఆయన ముందు కుమ్మరించింది. ఆయన గొంతుక్కూర్చుని చకచకా ఏరేశాడు, వాటర్ బాటిళ్లు ఒక పక్క, షాంపూ డబ్బాలూ విరిగిన బకెట్టూ ఒక పక్క, పాల కవర్లు ఇంకో పక్క, పైపు ముక్క ఒకటుంటే దాన్ని బాటిళ్లకి దూరంగా వేరే సంచిలో పడేశాడు, ఇక చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పౌచ్‌లు, కూర కారిన పార్సిల్ కవర్లు మాత్రం వెనక్కి తోసేసి "ఇయ్యి వద్దమ్మా" అన్నాడు. అత్తకి మండింది. "అదీ ప్లాస్టికే ఇదీ ప్లాస్టికే, దీనికేం రోగం? అన్నీ కరిగించి కుర్చీలు పోయడమే కదా మీరు చేసేది" అని. ఆయన నవ్వి డబ్బులిచ్చి వెళ్లిపోయాడు, సమాధానం చెప్పే బాధ్యత నా మీద పడింది, ఇదిగో ఈ వీడియో.

ముందు ఈ బకెట్ చూడండి. మామూలు నీళ్లే, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేశా, ఎందుకంటే చిన్న ముక్కలకి గాలి బుడగలు అంటుకుని మునగాల్సినవి కూడా తేలుతూ మోసం చేస్తాయి. ఇప్పుడు ఒక కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకుని కత్తెరతో మూడు రకాలు కోశా, బాడీ ముక్క, మూత ముక్క, లేబుల్ ముక్క. వేస్తున్నా చూడండి... బాడీ మునిగిపోయింది, అది పెట్ అనే రకం ప్లాస్టిక్. మూత తేలింది, అది హెచ్‌డీ గానీ పీపీ గానీ, అవి ఇంకో రెండు రకాల ప్లాస్టిక్. పెట్ నీటి కన్నా బరువు, దగ్గర దగ్గర 1.38 రెట్లు, హెచ్‌డీ 0.95, పీపీ 0.9, అంతే సంగతి. ఫ్యాక్టరీల్లో కూడా ఇదే బకెట్టు, కాకపోతే పెద్ద తొట్టి. అంటే ఒక్క బాటిల్లోనే రెండు మూడు రకాలున్నాయి, చూశారా, అత్త అన్నట్టు అదీ ఇదీ ఒకటి కాదు, అదే బాటిలే ఒకటి కాదు.

సరే లేబుల్ ముక్క. ఇది తేలింది, పీపీ అన్నమాట, పర్లేదు. ఇప్పుడు ఈ రెండో బాటిల్ చూడండి, దీనికి ఒళ్లంతా బిగుతుగా చొక్కా తొడిగినట్టు రంగుల లేబుల్ ఉంది కదా, అలాంటివి కొన్ని పీవీసీతో, అంటే నీళ్ల పైపులు చేసే ప్లాస్టిక్‌తో చేస్తారు. ముక్క కోసి వేస్తున్నా... మునిగింది. ఇక్కడే తంటా. పీవీసీ బరువూ పెట్ బరువూ ఇంచుమించు ఒకటే, రెండూ కలిసి అడుక్కి వెళ్లి కూర్చుంటాయి, నీళ్లు వాటిని విడదీయలేవు.

విడదీయకపోతే ఏమవుద్ది అంటారా. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి, మిషన్లో ఇంకా పైన పెడతారు, పీవీసీ అంత వేడి తట్టుకోలేదు, 200 దాటేసరికే మాడిపోయి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వదులుద్ది, ఆ యాసిడ్ పక్కనున్న మంచి పెట్‌ని కూడా పాడు చేస్తుంది, మాలు పసుపు తిరిగి నల్ల చుక్కలొస్తాయి. కుండెడు పాలల్లో పులుపు చుక్క పడ్డట్టే. మా బాబాయి మొదట్లో ఈ దెబ్బ తిన్నాడు. లారీ నిండా ఫ్లేక్స్ పంపాడు, అంటే బాటిళ్లని గోరంత ముక్కలుగా గ్రైండ్ చేసిన సరుకు, కొన్నాయన శాంపిల్ తీసి ఓవెన్‌లో పెట్టి చూసి నల్లబడ్డ ముక్కలు అరచేతిలో పోసి ఫోటో పంపాడు, లారీ తిరిగొచ్చింది, రానూపోనూ కిరాయి మనదే. పిడికెడు ముక్కలే అవి! అప్పట్నుంచి షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లు బెల్ట్ పక్కన కూర్చుని గ్రైండర్‌లోకి పోకముందే ఒక్కో బాటిల్ తిప్పి చూసి ఆ చొక్కా లేబుల్ బ్లేడుతో చీరేస్తారు. నేను ఒక గంట కూర్చుని చేశా, నడుం పట్టేసింది, రెండు వేళ్లు తెగాయి, వాళ్లు మాత్రం సీరియల్ కబుర్లు చెప్పుకుంటూ నా కన్నా నాలుగు రెట్లు చేశారు. నిన్న మా బండాయన పైపు ముక్కని బాటిళ్లలో కలవనివ్వకుండా విసిరాడే, అది కూడా పీవీసీయే. ఆయన ఏ కెమిస్ట్రీ పుస్తకం చదవలేదు, చేతికి తెలుసు.

ఆ తర్వాత కాస్టిక్ సోడా వేసిన వేడి నీళ్లలో కడుగుతారు, గమ్ము వదలడానికి. తర్వాత బాగా ఆరబెట్టాలి, తడి ఉంటే కరిగేటప్పుడు పెట్ తెగి బలం పోతుంది. అప్పుడు దాన్ని సన్న దారాల్లా లాగితే పాలిస్టర్ ఫైబర్, మీ దిండులో దూది అనుకుంటున్నారే, చాలా దిండ్లలో అదే. బకెట్లు, డబ్బాలు, అంటే పీపీ, హెచ్‌డీ మాలు అయితే కరిగించి గింజల్లా కోస్తారు, దాన్ని దానా అంటారు. మా ఊరాయన ఒకాయన గేదెల దాణా అనుకుని రేటు అడిగాడంట, సర్లెండి.

ఇక అత్త చిప్స్ ప్యాకెట్లు. దాంట్లో ఏ రోగం లేదు, కాకపోతే అది ఒక కాగితంలా కనపడుతుందే గానీ రెండు మూడు పొరలు అతికించింది, లోపల మెరిసేది అల్యూమినియం పూత. పొరలు విడదీయడం మన చిన్న షెడ్లలో అయ్యే పని కాదు, కలిపి కరిగిస్తే వచ్చేది ఎందుకూ పనికిరాని ముద్ద. అందుకే అలాంటివి సిమెంటు కొలుముల్లో బొగ్గుకి బదులు కొంత కాలుస్తారు, అక్కడ వేడి 1450 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి మన సందు చివర చెత్తకుప్ప తగలబెట్టినట్టు కాదు. కానీ నా లెక్కలో దాన్ని రీసైక్లింగ్ అనకూడదు, ఒకసారి కాలిపోయాక మళ్లీ ప్యాకెట్ రాదు కదా.

పాల కవర్లు మాత్రం బంగారం, ఎల్‌డీ అనే మెత్తటి ప్లాస్టిక్, మంచి రేటు. ఒక్కటే రిక్వెస్ట్, కోసేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెంపకండి, వేలాడేలా ఉంచండి, ఆ చిటికెడు ముక్కలు ఎవరూ ఏరలేరు, తిన్నగా కాలవలోకి పోతాయి. మనకి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, ఊరి మధ్యలోంచే మూడు, వంతెన మీద నుంచుని కిందకి చూస్తే చాలు. ఇంకోటి, కడిగి ఇవ్వండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, నీళ్లు తీశాక వీధుల్లో గుట్టలు గుట్టలుగా సామాన్లు, కుర్చీలు, డ్రమ్ములు, బకెట్లు, అంతా మంచి మాలే, బాబాయి వెళ్లి చూసి ఖాళీ ఆటోతో వెనక్కొచ్చాడు. బురద పట్టిన ప్లాస్టిక్ వేస్తే గ్రైండర్ బ్లేడ్లు రెండ్రోజుల్లో మొద్దుబారతాయి, కడిగే నీళ్ల ఖర్చు మాలు రేటు దాటేస్తది. ఆ డ్రమ్ములు చూసి ఆయన మొహం అదోలా అయిపోయింది, అది గుర్తుంది నాకు.

ప్లాస్టిక్ ఒక్కటే కాదు లెండి. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద చూడండి, ఎన్నేళ్లుగానో గుట్టలు, కానీ దానికి గిరాకీ ఉంది, పీపీసీ అనే రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిదే కలపొచ్చు, ఇటుకలూ చేస్తున్నారు. ఎందుకంటే అది ఒకే చోట, ఒకే రకంగా, టన్నులకి టన్నులు వస్తుంది, మన డస్ట్‌బిన్‌లాగా పెరుగన్నంతో కలిసి రాదు. ఇక్కడ లేత్ షాపుల్లో కూడా అంతే, అల్యూమినియం పొట్టు విడిగా ఊడ్చినవాడికి ఒక రేటు, ఇనుప పొట్టుతో కలిపేసినవాడికి ఇంకో రేటు. ఎదురు షాపులో కుర్రాడు పాత స్పీకర్ అయస్కాంతానికి తాడు కట్టి రోజూ సాయంత్రం నేల మీద లాగుతాడు, ఇనుము దానికి అంటుకుని వచ్చేస్తది, మిగిలింది అల్యూమినియం. దాన్ని మళ్లీ కరిగించడానికి ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే ఎనర్జీలో దాదాపు 5 శాతం సరిపోతుంది, ఆ తాడు విలువ అదీ.

ఒక్క విషయంలో మాత్రం నేను సీరియస్. రాగి కోసం వైర్లు కాల్చకండి. చిన్నప్పుడు క్రికెట్ బ్యాట్ కొనుక్కోవడానికి మేం కూడా కాల్చాం, కాలవ గట్టు మీద, ఆకుపచ్చ మంట వస్తుంటే భలే అనుకునేవాళ్లం. ఆ ఆకుపచ్చ ఏంటంటే పీవీసీలో క్లోరిన్ రాగితో కలిసి మండటం, ఆ పొగలో డయాక్సిన్లు అనే విషాలు ఉంటాయి. ఇప్పుడు తొక్క ఒలిచే చిన్న మిషన్లు వచ్చాయి, చేత్తో తిప్పేవి కూడా ఉన్నాయి, రాగి మెరుస్తూ వస్తుంది, కాల్చిన నల్ల రాగి కన్నా రేటు ఎక్కువే పలుకుద్ది. పాత బ్యాటరీలు కూడా ఇంట్లో పగలగొట్టొద్దు, సీసం 327 డిగ్రీలకే కరుగుద్ది కాబట్టి ఎవడైనా పెరట్లో కరిగించేయొచ్చు అనిపిస్తది, ఆ దుమ్ము చొక్కాకి అంటుకుని ఇంటికొచ్చి పిల్లల దగ్గరికి చేరుద్ది. 2022లో బ్యాటరీలకి విడిగా రూల్సే వచ్చాయి, తయారుచేసిన కంపెనీలే వెనక్కి తీసుకునే ఏర్పాటు చూడాలి, షాపులో ఇచ్చేయండి, కొత్తదాంట్లో తగ్గిస్తారు.

రూల్స్ అంటే గుర్తొచ్చింది, ప్లాస్టిక్‌కి కూడా 2022లో రాశారు, గట్టి ప్యాకింగ్ డబ్బాల్లో 2025-26కి 30 శాతం, 2028-29కి 60 శాతం రీసైకిల్ చేసిన మాలే ఉండాలని. బాబాయి ఇది చదివి సంతోషపడాలా భయపడాలా అని అడుగుతున్నాడు, ఎందుకంటే పెద్ద కంపెనీలకి కావాల్సింది తెల్లటి మాలు, ఒక్క నల్ల చుక్క లేకుండా. అంటే మళ్లీ ఆ బెల్ట్ పక్కన కూర్చున్న ఇద్దరి కళ్ల మీదే భారం, వాళ్ల కూలి సంగతి ఏ రూల్లో రాశారు బాబాయ్ అని నేనంటే ఆయన టీ గ్లాసు పట్టుకుని అటు తిరిగాడు...

ఆఁ, వచ్చింది వచ్చింది, లైటు వెలిగింది. అక్క గ్రైండర్ స్విచ్ దగ్గరికి వెళ్తోంది, అక్కా ఒక్క నిమిషం... లేదు, వేసేసింది. అత్తా, పైపు ముక్క వేరే సంచి, గుర్తు పెట్టుకో! వినపడుతోందా అండీ? వినపడట్లేదు కదా, ఉంటా—