కోట లేని ఊరు, కాశీరాజు బావి | వాలింగ్‌ఫర్డ్ రివ్యూ

నమస్తే అండీ. ముందుగానే చెప్పేస్తున్నా, తర్వాత కామెంట్లలో నన్ను ఉతకొద్దు. ఇంగ్లండ్‌లోని వాలింగ్‌ఫర్డ్‌లో ఒక గెస్ట్‌హౌస్ వాళ్లు మాకు రెండు రాత్రులు గది ఉచితంగా ఇచ్చారు, ఊరి గురించి ఒక వీడియో చేయమని. తమ పేరు కూడా చెప్పమన్నారు. ఆ గదిలో ఒక పూట గడిపాక, చెప్పకపోవడమే వాళ్లకు మంచిదని నేనే మానేశాను.

ఎలా వెళ్లాలి, పార్కింగ్ ఎక్కడ, ఇవన్నీ ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటారు. ఆక్స్‌ఫర్డ్‌కీ రెడింగ్‌కీ మధ్య, థేమ్స్ ఒడ్డున పాత సంత ఊరు. 1155లో రెండో హెన్రీ రాజు ఊరికి హక్కుల పట్టా ఇచ్చాడు, శుక్రవారం సంత ఇప్పటికీ జరుగుతుంది. సంత నడిమధ్య రాతి స్తంభాల మీద నిలబడ్డ టౌన్ హాల్ 1670 నాటిది. రొట్టెలు, జున్ను, చేపలు, పూలమొక్కలు. మన సంతలో ఉండే అరుపులు మాత్రం లేవు. అంత నిశ్శబ్దంగా బేరం ఎలా ఆడాలో నాకు ఇప్పటికీ రాదు.

ఈసారి నాతో మా ఆయనే కాదు, నాన్న కూడా ఉన్నారు. రాజమండ్రి నుంచి మూడు నెలలకని వచ్చారు. ధవళేశ్వరంలో ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి. కాబట్టి ఈ రివ్యూలో సగం మార్కులు ఆయన వేసినవే.

గది సంగతి చెప్పి వదిలేస్తాను. వాష్‌బేసిన్‌కి రెండు పంపులు. ఎడమ దాంట్లో చెయ్యి కాలిపోయే నీళ్లు, కుడి దాంట్లో చెయ్యి కొరికేసే నీళ్లు. రెండూ ఒక మూలకీ ఇంకో మూలకీ ఉంటాయి, మధ్యలో కలిసే ఆశే లేదు. ఈ దేశానికి వచ్చి తొమ్మిదేళ్లయింది, ఎన్నో పాత ఇళ్లలో ఉన్నాను, ఈ రెండు పంపుల గోల మాత్రం నన్ను వదల్లేదు. కిందటేడాది హెన్లీ వీడియోలో కూడా దీని మీదే నాలుగు నిమిషాలు తిట్టాను, గుర్తుండే ఉంటుంది. నాన్న ఏమీ అనలేదు. పెట్టెలోంచి ప్లాస్టిక్ మగ్గు తీశారు. "మీ అమ్మ పెట్టమంది" అన్నారు. సమస్య అక్కడితో తీరిపోయింది.

పొద్దున్నే వంతెన దగ్గరికి వెళ్లాం. నది చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పరవశించిపోయారేమో అనుకున్నాను.

"ఏమ్మా, ఇదేనా థేమ్స్?"

"ఇదే నాన్నా."

"మన పంటకాలువంత ఉంది."

గోదావరి చూసి పెరిగినవాళ్లకు ఈ దేశంలో ఏ నదీ ఆనదు, ఒప్పుకుంటాను. కానీ వంతెన ఆయనకు తెగ నచ్చింది. దాదాపు 900 అడుగుల పొడవు, మధ్యయుగాల నాటి రాతి కమానులు. నీళ్లున్నది కొన్ని కమానుల కిందే, మిగతావి పచ్చిక మీద నిలబడి ఉంటాయి. ఇంత చిన్న నదికి ఇంత పొడుగు వంతెన ఎందుకని నేను నవ్వబోయాను. నాన్న నన్ను ఆపి గడ్డి వైపు చూపించారు. "వరదొస్తే అదంతా నదే. కట్టినవాడికి ఏటి సంగతి తెలుసు." నిజమే. 1809 వరదలో దెబ్బతిన్న మూడు కమానుల్ని మళ్లీ కట్టాల్సి వచ్చింది. కమాను కింద నిలబడి రాళ్ల అతుకులు చూస్తూ అరగంట గడిపారు. నా కెమెరాలో ఆయన వీపు తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు నా కోపం. కోట. మ్యాప్‌లో కోట, దారి బోర్డు మీద కోట, గెస్ట్‌హౌస్ వాళ్ల కాగితంలో కోట. గోల్కొండ కాకపోయినా కొండవీడైనా కనబడుతుందనుకుని వెళ్తే గడ్డి దిబ్బలు, అక్కడక్కడా మొండిగోడలు. తప్పు ఊరిది కాదు లెండి. 1066లో ఇంగ్లండ్‌ని గెలవడానికి వచ్చిన విలియం లండన్ మీదికి పోతూ ఇక్కడే నది దాటాడు, ఆ వెంటనే కోట వెలిసింది. తర్వాత రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధంలో ఆ కోట రాజు పక్షాన మొండిగా నిలబడి 1646 జూలైలో గానీ లొంగలేదు. మళ్లీ తలనొప్పి కాకూడదని 1652లో, పార్లమెంటు పక్షం నాయకుడు క్రాంవెల్ కాలంలో నేలమట్టం చేశారు. చరిత్ర తెలిసి వెళ్తే దిబ్బలు కూడా బాగానే ఉంటాయి, ప్రవేశం ఉచితం, పిల్లలు దొర్లుకుంటూ ఆడుకోవచ్చు. కానీ బోర్డు మీద "కోట ఉండేది" అని రాస్తే ఏం పోయింది?

అగాథా క్రిస్టీ డిటెక్టివ్ నవలల అభిమానులకు ఒక ముక్క. ఆవిడ 1934లో ఇక్కడ వింటర్‌బ్రుక్ హౌస్ కొనుక్కుని, 1976లో ఆ ఇంట్లోనే పోయారు. సమాధి పక్కనే చోల్సీలో, సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో ఉంది. ఊళ్లో మైదానం పక్కన బెంచీ మీద ఆవిడ కంచు విగ్రహం కూర్చుని ఉంటుంది. నాన్న పక్కన కూర్చుని ఫొటో దిగి, "ఎవరీవిడ?" అని తర్వాత అడిగారు.

ఇంతవరకూ చెప్పింది తీసేసినా నాకు బాధలేదు. ఇక్కణ్ణుంచి మాత్రం స్కిప్ చేయకండి.

ఊరి నుంచి కార్లో ఓ ఇరవై నిమిషాలు, చిల్టర్న్ కొండల్లో స్టోక్ రో అని చిన్న పల్లె. ఎదురుగా ఇంకో కారు వస్తే ఎవరో ఒకరు పొదలోకి దిగాల్సిన దారి. ఆ పల్లెలో రోడ్డు పక్కన ఇనుప స్తంభాల మీద ఒక గుమ్మటం, దాని కింద బంగారు రంగు ఏనుగు. ఆ ఏనుగు కింద చేద లాగే యంత్రం, దాని కింద బావి. కట్టించింది కాశీ మహారాజు!

కథ ఏమిటంటే, అవన్నీ సుద్ద కొండలు. వాన పడితే నీళ్లు పైన నిలవవు, ఇంకి అడుక్కి పోతాయి. జనం కుంటల్లో, మట్టి గుంటల్లో నిలిచిన నీళ్లతోనే కాలం వెళ్లదీసేవారు. దగ్గర్లోని ఇప్స్‌డెన్‌లో పుట్టిన ఎడ్వర్డ్ రీడ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో కాశీ వైపు పనిచేశాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగేశాడని ఒక పిల్లాణ్ణి తల్లి కొట్టడం చిన్నప్పుడు తమ ఊళ్ల వైపు చూశానని రాజుగారితో చెప్పాడట. ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ ఆ మాట మరిచిపోలేదు. 1863లో తవ్వకం మొదలైంది, 1864లో బావి తెరిచారు. నాలుగడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు, అంతా మనుషులు చేత్తో తవ్విందే. లండన్‌లో సెయింట్ పాల్స్ కేథడ్రల్ ఎత్తు 365 అడుగులు. దాన్ని తలకిందులుగా పోల్చి చూసుకోండి, ఇంకా మూడడుగులు మిగులుతుంది. బావికి అయిన ఖర్చు దాదాపు 353 పౌండ్లు. పైన యంత్రం వాలింగ్‌ఫర్డ్ కమ్మరి కార్ఖానాలో చేయించారు. అందుకే ఇది ఆ ఊరి రివ్యూలోకి వస్తుంది, ఊరికే దారి తప్పానని అనకండి.

అప్పట్లో నీళ్లు ఊరి జనానికి ఉచితం. బావి ఖర్చులకని పక్కన చెర్రీ తోట వేసి ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు, కాపలాదారుకి చిన్న ఇల్లు కట్టారు.

నాన్న బావి మీదికి వంగి చూశారు. చీకటి తప్ప ఏమీ లేదు. "నాలుగడుగుల్లో మనిషి కూర్చుని పలుగెలా ఆడించాడమ్మా? అంత లోతున ఊపిరెలా ఆడింది?" అని నన్ను అడిగారు, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నా దగ్గర ఏం సమాధానం ఉంటుంది?

ఈలోపు మా ఆయన మొదలుపెట్టారు. "1857లో వీళ్ల పక్షాన నిలబడ్డ రాజు కదా, కృతజ్ఞత చూపించుకున్నాడు. మన జనం డబ్బు, వీళ్ల పల్లెలో బావి." ఆయన చెప్పింది తప్పని నేననను. నాన్న మాత్రం కాస్త చికాకుపడ్డారు. "కాటన్ దొర ఆనకట్ట కట్టింది కంపెనీకి శిస్తు పెరగాలనే బాబూ. అయినా మా తాత పొలం తడిసింది కదా." ఇద్దరూ కారెక్కేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను మైకు ఆపేశాను, ఆ తర్వాతి మాటలు ప్రసారయోగ్యం కావు.

వాదన వల్ల మధ్యాహ్నం రెండున్నర దాటింది. పబ్బులో వంటిల్లు మూసేశారు. చిప్స్ ప్యాకెట్లే భోజనం. మీరు వెళ్తే పన్నెండున్నరకే కూర్చోండి.

సరే, మార్కులు. గదికి పదికి మూడు, అది కూడా కిటికీలోంచి చర్చి శిఖరం కనిపించినందుకు. సంతకు ఆరు. వంతెనకు నాన్న తొమ్మిది ఇచ్చారు, నేను తగ్గించదలచుకోలేదు. కోటకు సున్నా. మొత్తానికి ఎనిమిది. లెక్క కుదరలేదని నాకూ తెలుసు. కోట నిలిచి ఉంటే రోజంతా అక్కడే తిరిగేవాళ్లం, బావి చూసేవాళ్లమే కాదు.

వచ్చే ఆదివారం డార్కింగ్ వెళ్తున్నాం. కాటన్ దొర సమాధి అక్కడే ఉంది, నాన్న పట్టుబట్టారు. వట్టి చేతులతో రానంటున్నారు. సర్రీ వైపు ఉండేవాళ్లెవరికైనా బంతిపూల దండ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే కింద రాయండి, శనివారం సాయంత్రంలోగా కావాలి.