శాంతా బయోటెక్ అమ్మితే పన్ను ఎవరికి కట్టాలి?

అందరికీ నమస్కారం. పన్ను స్వర్గాల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు కొబ్బరిచెట్ల ద్వీపం, సూట్‌కేసుల్లో నోట్ల కట్టలు గుర్తొస్తాయి. 2016లో పనామా పేపర్లు, అంటే పనామాలోని ఓ లా కంపెనీ నుంచి లీకైన రహస్య పత్రాలు, బయటపడ్డప్పుడూ అంతే. కోటీ పదిహేను లక్షల పత్రాలు, రెండు లక్షల పైచిలుకు కంపెనీలు, ఐస్‌లాండ్ ప్రధాని రాజీనామా, ఇంకేం, మనవాళ్ల పేర్లు ఎవరివి ఉన్నాయా అని అందరం వెతుక్కున్నాం. దొంగసొమ్ము చిన్న విషయమని అనను గానీ ఇవాళ నేను దాని జోలికి పోను. ఏ చట్టమూ దాటకుండా, కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని, వకీళ్ల సలహాతో పన్ను కట్టకుండా పోయే దారి ఒకటుంది. ఆ దారి వేసింది మన ప్రభుత్వాలే, సంతకాలు పెట్టి మరీ.

హైదరాబాద్ కేసుతోనే మొదలుపెడతా. శాంతా బయోటెక్నిక్స్ మీకు తెలిసే ఉంటుంది. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు పెట్టిన కంపెనీ, 1997లో హెపటైటిస్-బి వ్యాక్సిన్‌ను ఇక్కడే తయారుచేసి, దిగుమతి సరుకుతో పోలిస్తే చాలా తక్కువ ధరకు అమ్మింది. 2006లో అందులో మెజారిటీ వాటా ఫ్రాన్స్‌కు చెందిన మెరియు గ్రూపు చేతికి వెళ్లింది. వాళ్లు ఆ షేర్లను షాన్‌హెచ్ అనే ఇంకో ఫ్రెంచ్ కంపెనీ పేరు మీద ఉంచారు. 2009లో ఫ్రాన్స్ మందుల కంపెనీ సనోఫీ వచ్చింది. శాంతా షేర్లు కొన్నదా? లేదు, షాన్‌హెచ్ షేర్లు కొంది. ప్లాంటు ఇక్కడ, సైంటిస్టులు ఇక్కడ, పేరు ఇక్కడ సంపాదించుకున్నదే, అమ్మకం మాత్రం ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ వాళ్ల మధ్య జరిగిపోయింది.

మీరు శంషాబాద్‌లో ఓ ప్లాటు అమ్మండి చూద్దాం. ధర 50 లక్షలు తగిలితే చాలు, కొనేవాడే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి, ఆ పైన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను మీరు కట్టాలి, తప్పించుకునే సందు ఉండదు.

ఇన్‌కంట్యాక్స్ వాళ్లు ఊరుకోలేదు లెండి. ఆస్తి ఇక్కడుంది, లాభం ఇక్కడి విలువ వల్లే వచ్చింది, కాబట్టి పన్ను మాది అన్నారు. 2011లో అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీ, అంటే ఏ లావాదేవీకి పన్ను పడుతుందో తేల్చిచెప్పే సంస్థ, వాళ్ల వైపే చెప్పింది. 2013 ఫిబ్రవరిలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, జస్టిస్ గోడా రఘురాం గారి బెంచ్, దాన్ని కొట్టేసింది. షాన్‌హెచ్ ఉత్తుత్తి కంపెనీ కాదని, భారత్-ఫ్రాన్స్ పన్ను ఒప్పందం ప్రకారం ఆ లాభం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్స్‌దేనని తీర్పు. నన్నడిగితే తీర్పు సరైనదే. జడ్జి ముందున్న ఒప్పందంలో ఏముందో అదే చెప్పారు. మరి ఆ ఒప్పందం అలా రాసుకున్నది ఎవరండీ?

ఫ్రాన్స్‌ను ఎవరూ పన్ను స్వర్గం అనరు, అది గమనించండి. అక్కడే పనికొచ్చిన ఎత్తు, పన్నే లేని చోట ఇంకా బాగా పనికొస్తుంది. 2007లో వొడాఫోన్ దాదాపు 1,100 కోట్ల డాలర్లు పెట్టి ఇక్కడి హచిసన్ ఫోన్ వ్యాపారంలో వాటా కొన్నప్పుడు, నిజానికి చేతులు మారింది కేమన్ దీవుల్లోని ఒక కంపెనీ తాలూకు ఒకే ఒక్క షేరు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వొడాఫోన్ పన్ను కట్టనక్కర్లేదంది. వెంటనే అప్పటి ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ గారు బడ్జెట్‌లో చట్టాన్ని 1962 నుంచీ వర్తించేలా మార్చేశారు. ఇది ఇంకా పెద్ద తప్పని నా అభిప్రాయం. మ్యాచ్ అయిపోయాక రూల్ మారిస్తే న్యాయమైన పన్ను అవుతుందా? 2020లో అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు (ఆర్బిట్రేషన్) వొడాఫోన్ చేతిలోనూ, అదే చట్టం కింద పన్ను వేసిన బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ చేతిలోనూ ఓడిపోయాం, 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నాం, కెయిర్న్‌కు సుమారు 7,900 కోట్లు తిరిగి ఇచ్చాం.

ఇక మారిషస్. అసలు కథ ఇక్కడుంది. మనకు ఆ దేశంతో చుట్టరికం పాతదే. కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కిన మనవాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడుంది, ఉగాదికి అక్కడ జాతీయ సెలవు. 1982లో ఇందిరాగాంధీ హయాంలో ఆ దేశంతో పన్ను ఒప్పందం చేసుకున్నాం. మారిషస్ వాసి ఇక్కడి షేర్లు అమ్మి లాభం పొందితే పన్ను వేసే హక్కు మారిషస్‌దే అని అందులో ఒక మాట. మారిషస్‌లోనేమో ఆ పన్నే లేదు. అంటే ఎక్కడా కట్టనక్కర్లేదు! పదేళ్ల పాటు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1992లో మనం విదేశీ ఫండ్లను స్టాక్‌మార్కెట్లోకి రానిచ్చాం, అదే ఏడాది మారిషస్ ఆఫ్‌షోర్ కంపెనీల చట్టం తెచ్చుకుంది. అమెరికా ఫండైనా, యూరప్ ఫండైనా మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఓ చిరునామా పెట్టుకుని ముంబైకి రావడం మొదలైంది.

2000లో కొందరు అధికారులు ఈ ఫండ్లకు నోటీసులిస్తే మార్కెట్ పడిపోయింది, ఢిల్లీకి టెన్షన్ పట్టుకుంది, ఏప్రిల్‌లో సర్క్యులర్ నంబర్ 789 వచ్చేసింది. మారిషస్ ప్రభుత్వం ఇచ్చిన నివాస ధ్రువపత్రం చూపిస్తే చాలు, ఇంకేమీ అడగొద్దని. ఢిల్లీ హైకోర్టు కొట్టేస్తే, 2003లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. పెట్టుబడులు కావలసిన దేశాలు ఇలాంటివి తెలిసే సహిస్తాయని ఆ తీర్పు సారాంశం. 2000 తర్వాత పదిహేనేళ్ల పాటు మన ఎఫ్‌డీఐలో, అంటే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడుల్లో, దాదాపు మూడోవంతు ఆ చిన్న ద్వీపం నుంచే వచ్చినట్టు లెక్కల్లో ఉంటుంది. అందులో ఇక్కడి డబ్బే అటు పోయి తిరిగొచ్చిందెంత అన్న అనుమానం ఆనాటి నుంచీ ఉంది.

ఆ దారి మూస్తే పెట్టుబడి పారిపోతుందని ఏళ్ల తరబడి భయపెట్టారు. 2016 మేలో ఒప్పందం సవరించారు, 2017 ఏప్రిల్ తర్వాత కొన్న షేర్లకే పన్ను, పాతవాటిని ముట్టుకోలేదు. పారిపోయిందా? 2020-21లో ఎఫ్‌డీఐ 8,100 కోట్ల డాలర్లు దాటింది. ముందే చెప్పి, గడువిచ్చి, ఆస్తి ఉన్నచోట పన్ను వేస్తే కొంప మునగదు. మారిషస్‌ను తిట్టడం నాకు ఇష్టం లేదు, చెరకూ టూరిజమూ తప్ప పెద్దగా ఆధారం లేని దేశం తన బతుకు తాను చూసుకుంది. చూసీ చూడనట్టున్నది మనం.

కంపెనీలు కట్టకపోతే ఆ లోటు ఎక్కడికి పోతుంది? సబ్బు మీద జీఎస్టీ కూలీకీ ఒకటే, కోటీశ్వరుడికీ ఒకటే. 2019లో కార్పొరేట్ పన్ను 22 శాతానికి తగ్గించారు, ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. 2023-24కు వచ్చేసరికి వ్యక్తుల ఆదాయపు పన్ను వసూళ్లు కంపెనీల పన్నును దాటిపోయి ఉన్నాయి.

ప్రపంచమంతా కనీసం 15 శాతం కార్పొరేట్ పన్ను ఉండాలని 2021లో 130 పైగా దేశాలు ఒప్పుకున్నాయి. 2025 జనవరిలో ట్రంప్ వచ్చీ రాగానే అది మాకు వర్తించదన్నారు. ఐక్యరాజ్యసమితిలో వేరే పన్ను ఒప్పందం మీద చర్చలు నడుస్తున్నాయి, అక్కడి నుంచీ అమెరికా లేచిపోయింది. పేద దేశాలకు ఓటున్న వేదిక అదే కాబట్టి నాకు దాని మీదే కాస్త ఆశ.

ఇంకోపక్క మనమే గుజరాత్ గాంధీనగర్‌లో కట్టిన గిఫ్ట్ సిటీ అనే ఫైనాన్స్ కేంద్రంలో విదేశీ ఫండ్లకు పన్ను మినహాయింపులిచ్చి పిలుస్తున్నాం. పోర్ట్ లూయిస్ వద్దు, గాంధీనగర్ రండి అన్నట్టు. దీనివల్ల వచ్చేదెంత, పోయేదెంత? కేంద్ర బడ్జెట్‌తో పాటు రిసీట్ బడ్జెట్ అని ఒక పుస్తకం ఇస్తారు, దాని వెనక పన్ను రాయితీల వల్ల వదులుకున్న ఆదాయం గురించి ఒక అనుబంధం ఉంటుంది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కామర్స్ చదివే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఒకసారి తెరిచి చూడండి. అర్థంకానిదేమైనా ఉంటే ఇప్పుడే అడగండి, మైకు అటు పంపిస్తున్నాను.