ముందు ఫొటో చూడండి

అందరికీ నమస్కారం. స్పీడ్ చలానా వస్తే కట్టాలా, కాదని ఫిర్యాదు చేయాలా అని మన కాలనీలో చాలామంది అడుగుతున్నారు. నా సంగతే చెబుతాను.

పోయిన నెల మా అమ్మాయిని శంషాబాద్‌లో విమానం ఎక్కించి తెల్లవారుజామున తిరిగొస్తున్నాను. ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వంతెన ఎక్కాను. మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్లు, ముందు ఒక్క బండీ లేదు. తెలియకుండానే స్పీడ్ పెరిగిపోయింది. రెండు రోజులకు 1,035 రూపాయల చలానా మెసేజ్ వచ్చింది.

కోపం వచ్చింది. ఖాళీ రోడ్డు మీద ఎవరికేం నష్టం చేశానని! "కట్టకండి సార్, డిస్కౌంట్ పెడతారు" అన్నారు పక్కింటాయన. నిజమే, 2022 మార్చిలో కార్లకు సగం తగ్గించారు, 2023 డిసెంబరులో 60 శాతం. కానీ డిస్కౌంట్ లెక్కలో పడితే, తప్పు చేశానా లేదా అన్నది పక్కకు పోతుంది.

చలానాలో ఉన్న ఫొటో తెరిచాను. నా కారే, నా నంబరే, నేను వెళ్లిన టైమే. ఆ రోజు వంతెన దిగగానే మెరిసే జాకెట్లు వేసుకుని రోడ్డు ఊడుస్తున్న ఆడవాళ్లు గుర్తొచ్చారు. 60లో వెళ్లే బండికన్నా 90లో వెళ్లేదానికి బ్రేకు వేశాక ఆగడానికి రెండింతలకు పైగా దూరం కావాలి. అదే రోజు కట్టేశాను.

మన బ్లాకులో ఒక అక్కది వేరే కథ. ఆవిడ కారు ఆ రోజు సెల్లార్‌లోంచి కదల్లేదు. అయినా "పోనీలే తమ్ముడూ, వెయ్యి రూపాయలతో టెన్షన్ పోతుంది" అని కట్టబోయారు. వద్దన్నాను. కట్టామంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఫొటో పెద్దది చేసి చూస్తే కారు రంగే వేరు, నంబరులో 3ని 8గా చదివారు. ఈ-చలానా సైట్‌లోనే కంప్లైంట్ ఆప్షన్ ఉంది. ఆర్సీ, కారు ఫొటోలు జతచేసి పంపాం. కొన్ని రోజులకు చలానా తీసేశారు.

ఇంకొకటి చూడండి. స్పీడ్ కొలిచే లేజర్ గన్ కిరణం దూరం వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. ఫొటోలో రెండు బండ్లు పక్కపక్కనే ఉంటే గురి దేనిమీద ఉందో గమనించండి. అనుమానం గట్టిగా ఉంటే కట్టకుండా కంప్లైంట్ ఇవ్వండి, అక్కడ తేలకపోతే కోర్టులో చెప్పుకునే హక్కు మీకుంది. అంతేగానీ "అందరూ స్పీడ్‌గానే వెళ్తున్నారు" అనేది అక్కడ నిలబడదు.

మెసేజ్ వచ్చినవాళ్లు ఫోన్లు తీసుకుని ముందుకు రండి. ఒక్కొక్క ఫొటో తెరిచి కలిసి చూద్దాం.