సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదు: ట్యూన్ చేశాక ఇంజిన్ మొరాయిస్తే

అందరికీ నమస్కారం. స్లైడ్లు ఏం లేవు, మాట్లాడుకుందాం అంతే. ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, కొత్త ట్యూన్ (ఇంధనం, స్పార్క్ లెక్కలు మార్చిన ఫైల్) వేశాక కీ తిప్పితే బండి స్టార్ట్ అవ్వలేదనుకోండి, మనలో పదిమందిలో తొమ్మిదిమంది వెంటనే ఫైల్ మళ్ళీ ఓపెన్ చేసి ఫ్యూయల్ టేబుల్ కెలుకుతారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. బండి ఏం చెప్తోందో ముందు వినాలి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ అన్నది నాకు బుద్ధొచ్చాక తెలిసిన సంగతి.

ఒకసారి నా సొంత బండికే ఫైల్ వేశా. రైటింగ్ పూర్తయింది, ఎర్రర్ లేదు, కీ తిప్పా, సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది గానీ ఒక్క దగ్గు కూడా లేదు. పాత ఫైల్ తిరిగి వేశా, అదే కథ. ఇంజిన్ తిరగడాన్ని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సర్ పోయిందనుకున్నా, స్కానర్ పెట్టి చూస్తే సెల్ఫ్ కొట్టేప్పుడు ఆర్పీఎం చక్కగా 200 దాకా చూపిస్తోంది, అంటే సెన్సర్ బానే ఉంది. పంపు సౌండ్ వస్తోంది. ప్లగ్ తీసి చూస్తే పొడిగా ఉంది. రాత్రంతా అయ్యింది. తెల్లారాక ఫోన్ కోసం జేబులో చెయ్యి పెడితే ఫ్యూజు దొరికింది! ఫ్లాష్ చేసేటప్పుడు, అంటే ఈసీయూలో ఫైల్ రాసేటప్పుడు, కరెంట్ తక్కువ లాగాలని ఇంజెక్టర్ల ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నా, తిరిగి పెట్టడం మర్చిపోయా. ఆ రోజు నుంచి పీకిన ఫ్యూజు జేబులోకి పోదు, స్టీరింగ్ మీద టేప్ వేసి అంటిస్తా, దాన్ని చూడకుండా కీ తిప్పడం కుదరదు కదా.

ఇక అసలు విషయం. మూడు రకాల మొరాయింపులుంటాయి, మూడూ వేరువేరు. సెల్ఫే తిరగకపోవడం, సెల్ఫ్ తిరిగి స్టార్ట్ అవ్వకపోవడం, స్టార్ట్ అయ్యి రెండు సెకన్లకే ఆగిపోవడం. ఈ మూడోదాన్ని జాగ్రత్తగా చూడాలి. ప్రతిసారీ గడియారం పెట్టినట్టు అదే సెకన్‌కి ఆగుతుందా, లేక ఒకసారి ఒకలా ఒకసారి మరోలా ఆగుతుందా? ఫ్యూయల్ సమస్య అయితే దగ్గుతుంది, తడబడుతుంది, థ్రాటిల్ నొక్కితే ఇంకో క్షణం లాగుతుంది. దొంగతనం నిరోధించే సిస్టమ్ (ఇమ్మొబిలైజర్) అయితే అలాంటి మొహమాటం ఏం ఉండదు, స్విచ్ ఆపేసినట్టు ఖచ్చితంగా ఆగిపోతుంది, పైగా డాష్‌బోర్డ్‌లో తాళం గుర్తు లైట్ వెలుగుతూనో మిణుకుమంటూనో ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ బళ్ళలో ఇది క్లాసిక్ లక్షణం, ఒక సెకను రెండు సెకన్లు నడిచి ఆఫ్.

ఈ సిస్టమ్‌ల చరిత్ర కొంచెం తెలుసుకుంటే పని సులువవుతుంది. 1986 కార్వెట్‌తో జనరల్ మోటార్స్ (జీఎం) తెచ్చిన వ్యాట్స్ అనే సిస్టమ్‌లో కీ మీద చిన్న రెసిస్టర్ ఉండేది, 15 రకాల విలువల్లో ఒకటి, అది తప్పయితే స్టార్టర్, ఫ్యూయల్ రెండూ కట్. తర్వాత జీఎందే పాస్‌లాక్ అనే సిస్టమ్, ఆ తర్వాత కీలో ట్రాన్స్‌పాండర్ చిప్‌లు. వీటిలో చాలావాటికి బ్యాటరీ ఉండదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ ఇచ్చే 125 కిలోహెర్ట్జ్ ఫీల్డ్ నుంచే కరెంట్ తీసుకుని తన నంబర్ చెప్తుంది. యూరప్‌లో 1998 అక్టోబర్ నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి, కాబట్టి ఆ తర్వాతి యూరప్ బండి మీద పనిచేస్తుంటే అది ఉందనుకునే మొదలుపెట్టండి.

ట్యూన్ వేసినందువల్ల ఈ ఇమ్మొబిలైజర్ ఎందుకు అడ్డం తిరుగుతుంది అంటే... మామూలుగా తిరగకూడదు. బాష్ ఎంఈ7లాంటి ఈసీయూల్లో కీ జత రహస్యం ట్యూన్ ఉండే ఫ్లాష్ మెమరీలో కాకుండా ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది, మీరు క్యాలిబ్రేషన్ (ట్యూన్ అంకెలు) మాత్రమే రాస్తే దాని జోలికే పోరు. కానీ వేరే బండి నుంచి తీసిన ఫుల్ డంప్, అంటే మెమరీ మొత్తం కాపీ, ఎత్తుకొచ్చి ఈఈప్రామ్‌తో సహా రాసేస్తే, లేదా పాతసామాన్ల షాపు ఈసీయూ తెచ్చి పెడితే, అది ఇంకో బండి కీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, మీ కీని పరాయివాణ్ణి చూసినట్టు చూస్తుంది. అందుకే ఒరిజినల్ డంప్ రెండు చోట్ల దాచుకోకుండా ఒక్క బైట్ కూడా రాయొద్దు. ఇందులో రాజీ లేదు.

పాస్‌లాక్ ఉన్న చాలా జీఎం బళ్ళలో అయితే రీలర్న్, అంటే జత మళ్ళీ నేర్పించడం, ఉంది: కీ ఒకసారి స్టార్ట్ వైపు తిప్పి వదిలేసి ఆన్‌లో ఉంచి, సెక్యూరిటీ లైట్ ఆరేదాకా పది నిమిషాలు ఆగాలి, ఆపి మళ్ళీ చెయ్యాలి, మొత్తం మూడుసార్లు, అరగంట. బోర్ కొడుతుంది, నిజమే, కానీ ఆ అరగంట భరించలేక ఇమ్మొబిలైజర్‌నే ఫైల్‌లోంచి పీకేసేవాళ్ళున్నారు. ఇంజిన్ వేరే బండిలోకి మార్చినప్పుడు, ఇమ్మొబిలైజర్‌తో మాట్లాడే పాత బాడీ మాడ్యూలే లేనప్పుడు అలా చెయ్యడంలో అర్థం ఉంది. మామూలు రోడ్డు బండికి మాత్రం నేను చెయ్యను, జత కలిపిస్తా, ఓనర్‌షిప్ కాగితాలు చూడకుండా ఎవరి ఈసీయూకీ కీ నేర్పను కూడా.

మిగతావి త్వరగా చెప్పేస్తా. స్కానర్ ఈసీయూతో అసలు మాట్లాడకపోతే పవర్, గ్రౌండ్ చూడండి, స్కానర్ గుచ్చే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్‌కి బ్యాటరీ వోల్టేజ్ రావాలి, కంప్యూటర్లు క్యాన్ అనే రెండు వైర్ల లైన్ మీద మాట్లాడుకునే బండి అయితే బ్యాటరీ తీసి 6వ పిన్‌కీ 14వ పిన్‌కీ మధ్య 60 ఓమ్‌ల దగ్గర రావాలి. మాట్లాడుతోంది గానీ ఆర్పీఎం సున్నా అంటే క్రాంక్ సెన్సర్, లేదా ఆ సెన్సర్ చదివే పళ్ళ చక్రం ఈసీయూకి తెలిసింది ఒకటి, ఇంజిన్‌లో ఉన్నది మరొకటి, జీఎం ఎల్ఎస్ రకం ఇంజిన్లలో 24 పళ్ళదానికీ 58 పళ్ళదానికీ ఇలాగే జరుగుతుంది. ప్లగ్‌లు తడిగా కంపు కొడుతుంటే ఇంజెక్టర్ సైజు తప్పు రాశారు, పెద్ద ఇంజెక్టర్ పెట్టి చిన్నదాని లెక్క ఇచ్చారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి, చాలా ఈసీయూలు అప్పుడు ఫ్యూయల్ కట్ చేస్తాయి, ప్లగ్‌లు ఆరతాయి, ఆ తర్వాత లెక్క సరిచేసుకోవచ్చు.

రాసేప్పుడు మాత్రం ఛార్జర్ కాకుండా స్థిరమైన వోల్టేజ్ ఇచ్చే సప్లై పెట్టండి, 13 వోల్ట్‌ల పైన. మధ్యలో వోల్టేజ్ పడిపోయి ఆగిన ఈసీయూ స్టార్ట్ అవ్వడం సంగతి అటుంచి, పలకడమే మానేస్తుంది, అప్పుడు విప్పి టేబుల్ మీద పెట్టుకోవాలి. సరే, ప్రశ్నలుంటే అడగండి. వెనక ఆ ఎర్రచొక్కా అన్నయ్య ఇందాకట్నించీ చెయ్యి ఎత్తి ఉన్నారు, ముందు మీరు చెప్పండి, మీ బండి సరిగ్గా ఎన్ని సెకన్లకి ఆగుతోంది?