కొత్తది తెరిచాకే పాతది మూయాలి

మేనకోడలు: నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ్టి సంగతి థీమ్ పార్కులు. పాత రైడ్‌ను తీసేసి అదే చోట కొత్తది కట్టడం మేలా, పాతదాన్ని ఉంచి పక్కన ఇంకొకటి కలపడం మేలా? నాతో మా మామయ్య ఉన్నారు. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. రోలర్ కోస్టర్ ఎక్కరు కానీ, దాని కింద నిలబడి బోల్టులు చూస్తారు.

మామయ్య: ఎక్కేవాళ్లంతా పైకే చూస్తారు బిడ్డా. కింద చూసేవాడు ఒకడైనా ఉండాలి కదా.

మేనకోడలు: అయితే కింద చూడాల్సిన దానితోనే మొదలుపెడతాను. అమెరికాలో న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో కింగ్‌డా కా అనే రోలర్ కోస్టర్ ఉండేది. 456 అడుగుల ఎత్తు. చార్మినార్‌కు రెండింతలకు పైగా అనుకోండి. 2005లో తెరిచారు. 2025 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు.

మామయ్య: ఇరవై ఏళ్లకేనా? సరిగ్గా రంగు వేస్తూ ఉంటే ఇనుముకు అదొక వయసా?

మేనకోడలు: గోపురం సంగతి కాదు, బండిని తోసే యంత్రం సంగతి. హైడ్రాలిక్ పద్ధతి. పీడనంతో ఉన్న నూనె ఒక పెద్ద వించిని తిప్పుతుంది, ఆ వించి ఉక్కు తాడును లాగుతుంది, తాడు బండిని లాగుతుంది. మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగం.

మామయ్య: ఇక చెప్పక్కర్లేదు. ప్రతిసారీ తాడు మీద అంత లాగుడు పడితే ఏదో ఒకటి అరుగుతూనే ఉంటుంది. సీలు పోతుంది, నూనె కారుతుంది, తాడు మార్చాలి. ప్రయాణం ఎంతసేపు?

మేనకోడలు: నిమిషం కూడా ఉండదు.

మామయ్య: నిమిషం ప్రయాణానికి రాత్రంతా మరమ్మతు! తీసేయడం సరైన పనే. ఎవరికి ఎంత ప్రేమ ఉన్నా సరే.

మేనకోడలు: ఆగండి, ఇంకో దారి కూడా ఉంది. ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో ఇదే పద్ధతిలో నడిచిన, దీనికి అన్నలాంటి రోలర్ కోస్టర్ ఒకటుంది. 2003 నాటిది, 420 అడుగులు. 2021లో ప్రమాదం జరిగాక ఆపేశారు. గోపురాన్ని మాత్రం పడగొట్టలేదు. హైడ్రాలిక్ యంత్రం తీసి విద్యుదయస్కాంత మోటార్లు పెట్టారు, వెనుక ఇంకో గోపురం కట్టి 2024లో తెరిచారు.

మామయ్య: అంటే చాసిస్ ఉంచి ఇంజిన్ మార్చారన్న మాట. బాగా నడిచిందా?

మేనకోడలు: కొద్ది రోజులకే ఆగిపోయింది. బండ్లలో ఇబ్బంది వచ్చి ఆ సీజన్ అంతా మూసే ఉంచారు. 2025లో మళ్లీ నడిపారు.

మామయ్య: అది మామూలే. పాతదానికి కొత్తది అతికించినచోటే మొదటి గొడవ వస్తుంది. అయినా నాకు నచ్చిన పద్ధతి ఇదే.

మేనకోడలు: ఇవి యంత్రం బలవంతం చేసిన నిర్ణయాలు. నాకు కోపం తెప్పించేవి వేరే ఉన్నాయి. యంత్రం బాగానే ఉంటుంది, జనం ఎక్కుతూనే ఉంటారు, అయినా తీసేస్తారు. ఫ్లోరిడాలోని డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1971 నుంచి ఒక కృత్రిమ నది ఉండేది. మధ్యలో ద్వీపం, చుట్టూ తిరిగే ఆవిరి పడవ. 2025 జులై మొదటి వారంలో దాన్ని మూసేశారు. ఆ చోట కార్ల సినిమా పేరుతో కొత్త రైడ్లు వస్తున్నాయి.

మామయ్య: స్థలం లేకనా?

మేనకోడలు: అదే కదా విచిత్రం. కాలిఫోర్నియాలోని 1955 నాటి డిస్నీల్యాండ్‌కు నిజంగానే చోటు లేదు, చుట్టూ అనహైమ్ ఊరే. అక్కడ ఒకటి కట్టాలంటే చాలాసార్లు ఇంకొకటి పోవాల్సిందే. ఫ్లోరిడాలో మాత్రం కంపెనీ చేతిలో సుమారు 25 వేల ఎకరాలు ఉన్నాయి.

మామయ్య: 25 వేల ఎకరాలు పెట్టుకుని నది పూడ్చడమా! మన దగ్గర చెరువు పూడిస్తే ఊరంతా తిడుతుంది.

మేనకోడలు: వాళ్లవైపు వాదన కూడా చెప్తాను. ఖాళీ భూమి వేరు, పార్కు లోపలి భూమి వేరు. బయటివైపు కలిపితే దారి వేయాలి, నీళ్లు, కరెంటు, మరుగుదొడ్లు, తిండి దుకాణాలు, కొత్త సిబ్బంది, అన్నీ మొదటి నుంచి పెట్టాలి. నడిచేవాళ్ల కాళ్లు కూడా చూడాలి. నది ఉన్నదేమో పార్కు లోపల. అయితే అదే పార్కులో ఒక రోలర్ కోస్టర్ వెనుకనున్న జాగాలో విలన్ల పేరుతో ఇంకో ప్రాంతం కడతామని కూడా ప్రకటించారు. అంటే కలపడం చేతకాక కాదు.

మామయ్య: నాకు అర్థమైంది ఒకటే. పాత బస్సు తీసి అదే రూట్లో కొత్త బస్సు వేస్తే ప్రయాణికులు సంతోషిస్తారు, కానీ సీట్లు పెరగవు. రద్దీ తగ్గాలంటే ఇంకో సర్వీసు వేయాలి.

మేనకోడలు: అచ్చంగా అదే జరిగింది ఒకచోట. ఎప్‌కాట్ అని ఫ్లోరిడాలోనే ఇంకో డిస్నీ పార్కు ఉంది. అందులో నార్వే విభాగంలో 1988 నుంచి మేల్‌స్ట్రామ్ అనే పడవ రైడ్ ఉండేది. 2014లో మూసి, 2016లో ఫ్రోజెన్ సినిమా బొమ్మలతో తెరిచారు. పడవలు అవే, కాలువ అదే. కాబట్టి గంటకు ఎక్కించగలిగే జనం పెద్దగా పెరగలేదు. ఎక్కాలనుకునే జనం మాత్రం ఎన్నో రెట్లు పెరిగారు. పాత రైడ్‌కు చాలాసార్లు నేరుగా వెళ్లి కూర్చునేవాళ్లు. కొత్తదానికి మొదట్లో గంటల తరబడి నిలబడ్డారు.

మామయ్య: లెక్క చాలా సులువు కదా. 24 మంది పట్టే బండి రెండు నిమిషాలకొకటి వదిలితే గంటకు 720 మంది. బొమ్మ మార్చినంత మాత్రాన 721వ వాడికి చోటు దొరకదు.

మేనకోడలు: పైగా ఆ నదీ, ద్వీపమూ చేసిన పని ఏ లెక్కలోనూ కనిపించదు. పడవలో వందల మంది ఒకేసారి ఎక్కేవాళ్లు, ద్వీపంలో పిల్లలు ఇష్టమొచ్చినంతసేపు తిరిగేవాళ్లు. అంతమంది వేరే క్యూల్లో లేరన్న మాట. దాన్ని తీసేస్తే వాళ్లంతా ఎక్కడికి పోతారు? పక్క క్యూలోకే.

మామయ్య: ముసలివాళ్లు ఆ క్యూలో కూడా నిలబడరు. బెంచీ మీద సంచులకు కాపలా కూర్చుంటారు.

మేనకోడలు: నేను చెప్పదలుచుకున్నది మీరే చెప్పేశారు. పార్కులు ముందుగా తీసేసేవి నెమ్మదైన రైడ్లే. ప్రకటన బోర్డు మీద వేయడానికి పనికిరావు, కుర్రవాళ్లు వాటి గురించి మాట్లాడుకోరు. కానీ ఎత్తు కొలిచే గీత లేకుండా, నాయనమ్మా మనవరాలూ పక్కపక్కన కూర్చోగలిగేవి అవే. ఇక్కడి సంగతే తీసుకోండి. హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో వండర్‌లా పార్కును 2016లో తెరిచారు. సుమారు 50 ఎకరాలు. మహబూబ్‌నగర్ నుంచి అయితే జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వెళ్తారు. మన వైపు నుంచి చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట. అంత దూరం కుర్రవాళ్లే పోరు కదా, ఇంటిల్లిపాదీ బండి కట్టించుకుని పోతారు. పులిహోర డబ్బాలతో సహా.

మామయ్య: డబ్బాలు గేటు దగ్గర ఆపుతారనుకో.

మేనకోడలు: ఆపుతారు, అది ఇంకో ఎపిసోడ్. నేననేదేమిటంటే, మన దగ్గర పార్కుల వయసు ఇప్పుడిప్పుడే పదేళ్లు, ఇరవై ఏళ్లు అవుతోంది. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న ప్రశ్న ఇక్కడికీ వస్తుంది. వండర్‌లాకు ఒక సౌకర్యం ఉంది. కొచ్చిలో వాళ్లకు సొంత తయారీ విభాగం ఉంది, చాలా రైడ్లు అక్కడే చేసుకుంటారు.

మామయ్య: అది చాలా పెద్ద సంగతి. విదేశీ యంత్రానికి విడిభాగం కావాలంటే తయారీదారుడు చెప్పిన ధర కట్టి, పంపినప్పుడు తెచ్చుకోవాలి. అతను ఆ మోడల్ మానేస్తే మన రైడ్ ఇక అంతే. సొంత వర్క్‌షాపు ఉంటే పాతదానికి ఇంకో పదేళ్లు ఆయుష్షు పోయొచ్చు. జాతరలో రంగులరాట్నం వాడిని చూడు. పాతకాలపు ఇనుము, ఊళ్లో వెల్డింగు. లారీలో వేసుకుని చెర్వుగట్టు నుంచి ఇంకో జాతరకు పోతాడు.

మేనకోడలు: జాతరకు ఇంకో లాభం ఉంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి. జెయింట్ వీల్ మారకపోయినా చూసే పిల్ల మారిపోతుంది. కిందటిసారి తల్లి ఒళ్లో ఉన్నది ఈసారి తానే ఎక్కుతానంటుంది. ఆటే ఊరూరా తిరుగుతుంది కాబట్టి కొత్తది తేవాల్సిన ఒత్తిడి లేదు. పార్కు కదలదు. జనాన్ని మళ్లీ మళ్లీ తన దగ్గరికి రప్పించుకోవాలి. అందుకే ప్రతి రెండు మూడేళ్లకు ఏదో ఒకటి చూపించాలన్న ఆత్రం.

మామయ్య: మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని, ఆ పెద్ద మర్రిచెట్టును చూడు, అక్కడ ఈ రెండూ కుదరవు. 2017 చివర్లో కొమ్మ విరిగిపడితే జనాన్ని ఆపేశారు. చెదలు పట్టిందని సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. దాన్ని మార్చేది లేదు. మరమ్మతు ఒక్కటే దారి.

మేనకోడలు: రైడ్‌కు అంత గౌరవం ఇవ్వమని నేను అనను. కొన్ని పోవాల్సిందే. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో టోడ్ అనే కప్ప దొర రైడ్‌ను 1998లో తీసేస్తే ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని వచ్చి నిరసన చేశారు. అయినా తీసేశారు. ఆ స్థానంలో వచ్చిన, పూ అనే ఎలుగుబంటి బొమ్మ రైడ్ ఇప్పటికీ చిన్నపిల్లలతో కళకళలాడుతుంది. అక్కడ ఎవరికీ అన్యాయం జరగలేదనే అంటాను. ఎందుకంటే అదే వయసు పిల్లలకు, అదే ఒడిలో కూర్చుని చూసేదే పెట్టారు. నది పోయి కార్లు వస్తే మాత్రం వచ్చేవాళ్లే మారిపోతారు.

మామయ్య: మరి తీసేసి ఏమీ పెట్టనివి లేవా?

మేనకోడలు: లేకేం. అదే పార్కులో జలాంతర్గామి రైడ్ ఉండేది. 1994లో ఆపారు. నీళ్ల మడుగు మాత్రం పదేళ్లు అలాగే ఉంది. 2004లో పూడ్చారు, చిన్నపిల్లల ఆటస్థలం ఒకటి పెట్టారు. ఆ ప్రాంతంలో చెప్పుకోదగ్గ కొత్త నిర్మాణం తెరిచింది 2012లో.

మామయ్య: పద్దెనిమిదేళ్లా? మా డిపోలో ఇలా చేస్తే మేనేజరును బదిలీ చేసేవాళ్లు. కొత్త బస్సు గేటు లోపలికి వచ్చాకే పాత బస్సును స్క్రాప్‌కు రాసేవాళ్లం. అంతవరకు పాతదే నడవాలి, కంచి గరుడసేవ అయినా సరే.

మేనకోడలు: అదే చోట కట్టాలంటే ముందు పాతది పడగొట్టక తప్పదు కదా?

మామయ్య: అందుకే ముందు పక్కన ఒకటి కలపాలి. చిన్నదైనా ఫరవాలేదు. జనం దానికి అలవాటు పడ్డాక పాతది మూయాలి. అప్పుడు ఏ రోజూ టికెట్ కొన్నవాడికి ఒక రైడ్ తక్కువ కాదు.

మేనకోడలు: యజమాని రెండుసార్లు ఖర్చు పెట్టాలంటారు.

మామయ్య: పెట్టనీ. మూసినప్పుడు టికెట్ ధర తగ్గించాడా?

మేనకోడలు: తగ్గించరు. ఆ మాట నోటీసు బోర్డు మీద రాయరు కూడా.

మామయ్య: అయితే ఖర్చు గురించి నాతో మాట్లాడొద్దని చెప్పు.